చీరకు మ్యాచ్ అయ్యే లంగా

దీన్ని తెలుగుల రాస్తున్న. ఎందుకంటే నేను ఆసిఫాబాద్ దిక్కు పుట్టి పెరిగిన, బడిల నేర్చిన భాష ఇదే. ఇంకో సంగతి సుత ఉన్నది. మా అత్తమ్మ నేనిప్పుడుండే ఈ మహారాష్ట్ర చంద్రపూర్లనే పుట్టింది, మరాఠీ బడిల చదివింది. తెలుగు గడగడ మాట్లాడుతది గని ఒక్క అచ్చరం చదవరాదు. ఈ ముచ్చట్ల ఆమె మస్తుగ వస్తది. అడిగే రాస్తున్న, కాదనలే. కానీ చదవొస్తే మాత్రం లైను లైనుకు ఒక వంక పెట్టేది.

సంగతేందంటే, నిరుడు నాకు తొడల సందుల, గజ్జలల్ల, దాచకుండ చెప్పాలంటే మూత్రం పోసే కాడిదాంక, ఎర్రటి దద్దు ఎక్కింది. తగ్గుడు, మళ్ల వచ్చుడు, తగ్గుడు, మళ్ల వచ్చుడు. జరమొస్తే పదిమందికి చెప్తం. చెయ్యి విరిగితే కట్టు చూపిస్తం. దీన్ని ఎవలకు చూపెట్టాలె, ఎవలకు చెప్పాలె? ఇట్లనే నోరు మూసుకొని గోకుకుంట కూసున్న ఆడోళ్లు ఇంకెందరున్నరో అని ఇప్పుడు రాస్తున్న. మీల ఎవలకన్న ఉంటే, తల్లీ, నువ్వొక్కదానివే కాదు. ముందు గీ మాట విను, తర్వాత కత.

మా ఇల్లు చంద్రపూర్ల తుకుం అనే బస్తీల. కింద మా షాపు, మీద మేముంటం, ఆ పైన స్లాబు. షాపు అంటే మ్యాచింగ్ సెంటర్. జాకెట్ బట్టలు, లంగాలు, ఫాల్సు, లైనింగు. నేనూ మా అత్తమ్మా చూసుకుంటం. మా ఆయన శ్రీనివాస్ గడ్‌చాందూర్ దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీల సూపర్‌వైజర్, రోజూ బస్సుల పోయి వస్తడు. బిడ్డ నాగపూర్ల హాస్టల్ల ఉండి చదువుతది. అంటే ఇంట్ల ఉన్నది ముగ్గురం.

మార్చిల మొదలైంది. ముందుగాల చిన్న దురద. ఎండలు మొదలైనయ్ కద, చెమట పొక్కులే అనుకున్న. పౌడరు కొట్టిన. వేపాకు నీళ్లు పోసుకున్న. అది మెల్లగ గుండ్రంగ పాకవట్టింది. షాపుల గిరాకీ ముందట నిలబడి రంగులు చూపెడుతుంటె లోపల మంట. గోకరాదు, కూసోరాదు. ఏదో మర్చిపోయినట్టు లోపలి అరలకు పోయి, బట్టల తాన్ల చాటున నిలబడి, పండ్లు కొరుకుకుంట గోకుకునేదాన్ని. కండ్లల్ల నీళ్లొచ్చేటివి. బయటికొచ్చి మళ్ల నవ్వుకుంట, "ఈ షేడ్ చూడండి తాయి" అనాలె, తాయి అంటె మరాఠీల అక్క.

మందు తేవాలంటె మా సందు మూలమీద మెడికల్ షాపు మా ఆయన చిన్నమ్మ కొడుకుది. నాకు మరిది. ఊర్ల మనోళ్లు ఎక్కువుంటె గిదే కష్టం, ఏ దుకాణంల చూసినా ఒక వరస తగులుతది.

"ఏమైంది వదినా?" అన్నడు.

"తామర లెక్కుంది. దురద."

"ఎక్కడ?"

"మోచేతి మీద" అన్న. అబద్ధం ఎంత సక్కగ వచ్చిందో నోట్లకెళ్లి.

ఆయన ఒక ట్యూబు ఇచ్చిండు. "ఇది అన్నిటికి పనిచేస్తది, దాద్, ఖాజ్, ఖుజ్లీ, అందరు గిదే తీస్కపోతరు" అన్నడు. రాసుకున్న. అబ్బ, ఏం చెప్పాలె! రెండు మూడు పూటలకే మంట పోయింది, ఎరుపు పోయింది. దేవునికి దండం పెట్టి రాసుడు బందు చేసిన. వారం తిరగకముందే ముందుకంటె పెద్దగ లేచింది. మళ్ల రాసిన, మళ్ల తగ్గింది, మళ్ల లేచింది. ఎండాకాలం మొత్తం గిదే ఆట. ఆ ట్యూబును స్నానాల రూముల అద్దం ఎనుక దాచిపెట్టేదాన్ని.

మేల ఒకటి గమనించిన. నేను రాసేదానికంటె ముందే ట్యూబు అయిపోతున్నది. నేను కింద నుంచి ఒత్తుత, ఇది నడుముల నొక్కి ఉన్నది. ఎవలో వాడుతున్నరు. ఒకనాడు మా ఆయన స్నానం చేసి లుంగీ కట్టుకుంటుంటె చూసిన, ఆయనకు సుత తొడ మీద అదే గుండ్రం.

నా బుద్ధి ఎక్కడికి పోవాలెనో అక్కడికే పోయింది. ఆయన పొద్దంత బయట తిరిగే మనిషి. ఎన్నో రకాల మనుషులు. నేను షాపు, ఇల్లు, షాపు. మరి నాకెక్కడికెళ్లి వచ్చె? ఆ దినం ఏం అడగలే. లోపల పెట్టుకొని మసిలిన. పక్క దూరం జరిపిన. ఆయన చెయ్యేస్తే తీసేసిన. కారణం చెప్పలే, ఆయన అడగలే. ఎందుకంటే ఆయన సుత ఆయన గుండ్రాన్ని నా నుంచి దాస్తుండె కద. ఒకే మంచం మీద ఇద్దరం దొంగల లెక్క పండుకునేది.

జూన్ల ఇగ ఓర్వలేక స్కిన్ డాక్టర్ కాడికి పోయిన. ఊరి ఆ చివరకున్న దవాఖానా చూసి పోయిన, మనోళ్లు కనబడొద్దని. వెయిటింగ్ హాల్ల కూలర్ బరబర తిరుగుతున్నది. మొటిమల పిల్లలు, జుట్టు రాలే పోరగాండ్లు, చేతికి బట్ట చుట్టుకున్న ముసలాయన. అందరు ఒకల వంక ఒకలు దొంగ చూపు చూసుడే, నీకు ఎక్కడ అని. కౌంటర్ కాడి పోరి గట్టిగ అడిగింది, "తాయి, కాయ్ త్రాస్ ఆహే?" ఏం బాధ అని. హాలంత నా దిక్కు చూసినట్టయింది. నేను సంచిల చీటీ దేవులాడినట్టు చేసిన.

నా పక్కన ఒక పెద్ద మనిషి, తొమ్మిది గజాల చీర కట్టిన మరాఠీ ఆమె, కూసుండి ఉండె. ఆమె ఆ పోరిని గదిరించింది, "చామ్డీ డాక్టర్ కాడికి తోలు రోగానికే వస్తరు, రాసుకో ఊకె" అని. తర్వాత కూలర్ గాలి తగిలే కుర్చీ నాకిచ్చి తను అవతల జరిగింది. నా చెవుల మెల్లగ, "నాకు సుత అక్కడనే, బేటీ" అన్నది. ఆమె పేరు అడగలే. కానీ ఆ మాట ఆ దినం నన్ను లేచి ఇంటికి ఉరకకుండ ఆపింది.

డాక్టర్ ఆడామె, నాకంటె చిన్నదే ఉంటది. "లాజూ నకా తాయి, సిగ్గుపడొద్దు, రోజు గివే చూస్తం" అన్నది. చూసింది. ట్యూబు చూపెట్టుమన్నది. చూసి తల పట్టుకున్నది.

"ఇది గజకర్ణ, మీరు తామర అంటరు చూడు, అదే. ఈ ట్యూబుల స్టెరాయిడ్ కలిసుంటది. పైకి ఎరుపు పోతది, లోపల అది మేసుకుంట పోతది. చర్మం పలచగైంది నీకు. ఇది బందు చెయ్యి. మొదట మంట ఎక్కువైతది, భయపడకు. గోలీలు నేను చెప్పినన్ని రోజులు మింగు, తగ్గిందని మధ్యల ఆపకు. మీ ఆయనకుందా?"

"ఉన్నది" అన్న. తల కిందికేసుకొని అడిగిన, "మేడం, ఇది... తిరిగితే వచ్చేదేనా?"

ఆమెకు అర్థమైంది. "చెమటకు వస్తది, తడి బట్టకు వస్తది, ఒకల బట్ట ఒకలు కడితె వస్తది. ఊకె మొగుని మీద పడకు. ఆయన్ని తోలుకరా, ఇద్దరికి మందియ్యాలె."

ఇంత సక్కగ చెప్పింది కద, ఇంటికొచ్చి నేనేం చేసిన? ఆయనకు దవాఖానా ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట, ఆఖరుకు నోరు జారిన. "ఎక్కడ తిరిగి అంటించుకొచ్చినవో నాకేం తెలుసు!"

ఆయన అన్నం తింటుండె. ముద్ద పళ్లెంల పెట్టేసిండు. "డ్యూటీకి పోయిన, ఇంటికొచ్చిన. ఇంకెక్కడికి పోయిన్నే నేను?" అన్నడు. గంతే. లొల్లి చేసినా బాగుండు. చెయ్యి కడుక్కొని లేచిండు. తెల్లారి బ్యాగుల నాలుగు జతలు పెట్టుకున్నడు, డ్యూటీలు ఎక్కువున్నయని గడ్‌చాందూర్ల దోస్తు రూముల ఉంటనన్నడు. మందుకు మాత్రం తనే పోయిండు, నాతోని కాదు.

మా అత్తమ్మ నా మొఖం చూసింది. "ఏమైంది మీకు? వాడు ఇల్లు వదిలిపోయెటంత ఏమైంది?"

"ఏం కాలే అత్తమ్మా, డ్యూటీ."

"డ్యూటీ!" అని మూతి తిప్పి, కుర్చీల కూసోని మోకాళ్లకు నూనె రాసుకోవట్టింది. ఆమెకు మోకాళ్లు నొస్తయ్. ఏండ్ల సంది కింద కూసోదు. పెండ్లిళ్లకు పోతే బంతిల కూసోదు, భజనకు పోదు, నడిస్తే కాళ్లు ఎడం ఎడంగ వేసి నడుస్తది. మా ఆయన ఎక్కడ మంచి నూనె ఉందంటె అక్కడికెళ్లి ఆమెకు తెచ్చేటోడు. పోయేటప్పుడు సుత ఒక సీసా పెట్టి పోయిండు, నాతోని మాట లేదు గని.

జూలై మొత్తం వాన. నేను మందు తప్పలే. డాక్టర్ చెప్పినట్టు తువ్వాల వేరు, సబ్బు వేరు, లోపలి బట్టలు ఉడుకు నీళ్లల్ల ఉతుకుడు. ఇస్త్రీ సుత చేసిన. మా అత్తమ్మ నవ్వింది, "లంగాకు ఇస్త్రీ! ఎవలకు చూపెడుతవే?" అని. నెలాఖరుకు మెత్తబడ్డది, నల్ల మచ్చ మిగిలింది గని దురద లేదు. ఆయనకు ఫోన్ చేసిన. ఆయనకు సుత పూర్తిగ పోయిందట. ఇంటికి రమ్మందామని నోటిదాంక వచ్చింది. ఆయన పొడి పొడిగ మాట్లాడితే ఆగిపోయిన.

ఆగస్టుల, ఎడ్లకు చేసే పోలా పండుగ దినాలల్ల, నాకు మళ్ల లేచింది.

స్నానాల రూముల కింద కూలవడి ఏడ్చిన. నల్లా ఇప్పి ఏడ్చిన, అత్తమ్మకు ఇనబడొద్దని. ఏడ్చి ఏడ్చి, అప్పుడు నా తలకు ఎక్కింది. ఆయన ఈ ఇంట్ల అడుగు పెట్టక రెండు నెలలైతున్నది. ఆయనకు తగ్గింది. నాకెట్ల మళ్ల వచ్చింది? అంటే ఆయన నాకు తేలేదు. ఈ ఇంట్లకెళ్లే వస్తున్నది. బహుశా నేనే ఆయనకు ఇచ్చిన. ఇచ్చి, ఆయన్నే దొంగను చేసి, అన్నం ముందటికెళ్లి లేపిన.

మళ్ల దవాఖానకు పోతే డాక్టర్ అడిగింది, "ఇంట్ల ఎవలన్నా నీ బట్టలు కడుతరా?" "లేదు మేడం" అన్న. రొమ్ము విరుచుకొని చెప్పిన. తువ్వాల వేరు, సబ్బు వేరు, ఇంకేం కావాలె?

గా వారమే మా అత్తమ్మ ఊకెనే అడిగినట్టు అడిగింది, "అద్దం ఎనుక ఒక ట్యూబు ఉండె కదనే, ఏం చేసినవ్?"

"పారేసిన. నీకెందుకు?"

"మోకాళ్లకు రాద్దామని" అన్నది. నేను పట్టించుకోలే.

తర్వాత ఒక పగటీలి షాపుల ఒకామె పచ్చ చీర తెచ్చింది. మామిడాకు పచ్చ కాదు, చిలక పచ్చ కాదు, నడుమంతరపు రంగు. లంగా దొరుకుత లేదు. నేను పది లంగాలు పరిచిన, ఏదీ కుదరలే. అత్తమ్మ కుర్చీలకెళ్లే అన్నది, "గా మూల కట్టల చూడు. మన ఇంట్లది ఉన్నది చూడు, మొన్న నువ్వు కట్టినవ్, ఇయ్యాల నేను కట్టిన, గదే రంగు." అని చీర కుచ్చిళ్లు జర లేపి ఆ గిరాకీకి అంచు చూపెట్టింది.

నా చేతుల లంగా అట్లనే ఉన్నది.

మ్యాచింగ్ షాపోళ్ల ఇల్లు కద మాది. ఇంట్ల లంగాలకు పేరు ఉండదు. షాపుల మిగిలినయ్, రంగు జర తేడా వచ్చినయ్, అన్నీ మీద ఒక అలమారల పడుతయ్. ఏ చీర కడితే ఆ చీరకు మ్యాచ్ అయ్యే లంగా తీసి కట్టుకునుడే, అది ఎవల నడుముకెళ్లి వచ్చిందని చూసేది లేదు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి సంది గదే పద్ధతి. ఆరేసుడు సుత గట్లనే. అత్తమ్మ మొదటి దినమే చెప్పింది, ఆడోళ్ల లోపలి బట్టలు స్లాబు మీద ఎయ్యొద్దని, ఎదురింటోళ్లు చూస్తరని. బాత్రూం ఎనుక సందుల దండెం, మీద పాత చీర కప్పుడు, కింద ఇద్దరి బట్టలు ఒక్కదాని మీద ఒకటి. చంద్రపూర్ ఎండకు అప్పడం తిప్పేలోపు ఎండుతది, మా లంగాలు మాత్రం ఎన్నడు పూర్తిగ ఎండలే. తువ్వాల వేరు చేసిన, సబ్బు వేరు చేసిన, దీని మీదికి నా బుద్ధే పోలే. ఎందుకంటే అది మాకు బట్ట కాదు, మాల్.

గిరాకీని పంపి షెట్టర్ సగం దించిన. "అత్తమ్మా, నిజం చెప్పు. నీకు సుత ఉన్నదా?"

"ఏంది ఉండేది?"

"నాకున్నది. గజ్జలల్ల. మార్చి సంది. నేను దవాఖానా తిరుగుతున్న. నీ కొడుకు అందుకే పోయిండు, నేను ఆయన్ను అనరాని మాట అన్న." మొదటిసారి ఆమెకు చెప్పిన. చెప్తుంటె నాకే ఏడుపొచ్చింది.

ఆమె కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. తర్వాత వచ్చిన గొంతు ఆమెది లెక్కనే లేదు. "ఏండ్ల సంది ఉన్నదే. మీ మామ పోయినంక మొదలైంది. పసుపు రాసిన, సున్నం రాసిన, కిరసనాయిలు సుత రాసిన. మొగడు లేనిదాన్ని, నాకు అక్కడ రోగమంటె లోకం ఏమంటది? డాక్టర్ ఏమనుకుంటది? నా కొడుకు ఏమనుకుంటడు?"

నేను మొగన్ని అనుమానపడ్డ. ఆమె లోకం తనను అనుమానపడుతదని బుగులు పడ్డది. ఒక తామర కోసం ఇద్దరం ఇంత నరకం పడ్డం. ఆమె చెయ్యి పట్టుకున్న. పెండ్లయి ఈ ఇంటికి వచ్చినంక గట్ల పట్టుకున్నది లేదు, మా మధ్య ఎప్పుడూ మాటకు మాటే గని.

"నా వల్లనే వచ్చిందా నీకు?" అని అడిగింది భయం భయంగ.

"ఎవల వల్లనో ఎవలకు తెలుసు అత్తమ్మా. లంగా వల్ల వచ్చింది. నడువు, పోదాం."

పోయినం. ఆ వెయిటింగ్ హాల్ల కూలర్ గాలి తగిలే కుర్చీల ఆమెను కూసోబెట్టి నేను అవతల కూసున్న. లోపల డాక్టర్ ఆమెను ఒక్క మాట అనలే. ఏమీ అనుకోలే. "ఇన్నేండ్లు ఎట్ల ఓర్చినవ్ ఆయీ?" అని మాత్రం అడిగింది. ఆ "ఆయీ", అమ్మా అన్న మాటకు మా అత్తమ్మ, ఎన్నడు ఎవల ముందట కన్నీరు పెట్టని మనిషి, వలవల ఏడ్చింది.

ఆ పొద్దుగూకాల ఆయనకు ఫోన్ చేసిన. అంతా చెప్పిన. అమ్మ సంగతి ఆమె చెప్పుమన్నంకనే చెప్పిన. "నిన్ను అనరాని మాట అన్న. నాదే తప్పు. ఇంటికి రా" అన్న. "ఇట్ల మాట్లాడుటానికి ఇన్ని దినాలు పట్టిందా?" అన్నడు. తర్వాత, "నేను సుత దాచిన కదనే. దాచకపోతె నువ్వు గట్ల అనుకునేదానివి కాదు" అన్నడు. ఐతారం బస్సుకు వచ్చిండు.

ఇగ మా ఇంట్ల పద్ధతులన్ని తిరగబడ్డయ్. అలమారల లంగాలన్ని ఉడకేసినం. నావాటికి తెల్ల దారం, అత్తమ్మవాటికి ఎర్ర దారం, నాడా కాడ కుట్టినం. దండెం స్లాబు మీద కట్టుమని ఆయనకు చెప్పింది ఎవలనుకున్నరు? అత్తమ్మనే. మొదటి దినం తనే బకెట్ పట్టుకొని మెట్లెక్కి, తన లంగాలు, నా లంగాలు, కొడుకు చెడ్డీలు, ఒక్కొక్కటి దులిపి, నెత్తి మీది ఎండకు ఆరేసింది. ఎదురు బాల్కనీలకెళ్లి మేం కాకూ అని పిలిచే మరాఠీ పెద్దామె కండ్లు పెద్దగ చేసి చూస్తున్నది. "కాయ్ బాయీ, ఏందమ్మా, అన్నీ బయటనే?" అన్నది. మా అత్తమ్మ వెనక్కి తిరగకుండనే అన్నది, "మీ ఇంట్ల కట్టుకోరా ఏంది?"

దసరా పోయింది. నాకు పూర్తిగ తగ్గింది, మందు ఆఖరుదాంక మింగిన. అత్తమ్మకు ఇంకొన్ని దినాలు పట్టింది, పాతది కద. ఓపిక లేనప్పుడు డాక్టర్ను, నన్ను కలిపి తిట్టేది. నేను ఊకోలే, తిరిగి తిట్టి మింగించిన.

దీపావళి ముందటి ఐతారం. ఆయనకు సెలవు. వంకాయ కూర చేసిన. ఆయనకు, నాకు కింద పీటలేసిన, అత్తమ్మకు ఎప్పటి లెక్క కుర్చీ జరిపిన. ఆమె కుర్చీని పక్కకు తోసింది. గోడ పట్టుకోలే, ఎవల చెయ్యీ పట్టుకోలే. సక్కగ వచ్చి కొడుకు పక్కన కింద బాసింపట్టు వేసి కూసున్నది. పళ్లెం ముందటికి గుంజుకున్నది.

మా ఆయన ముద్ద నోట్ల పెట్టుకోబోయి ఆగిండు. "అమ్మా, మోకాళ్లు!" అన్నడు, లేపబోయిండు.

"కూసో రా" అన్నది అత్తమ్మ. "మోకాళ్లకేమైంది? అవి ఎన్నడూ నొయ్యలే."